పక్క ప్లాటులో పిచ్చిమొక్కలు పెరిగితే పీకించాల్సింది ఎవరు?

పోయిన వారం తిరువూరులో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ గోడ పక్కనే ఒక ఖాళీ ప్లాటు. వానలకి వయ్యారిభామ నడుం దాకా పెరిగింది, వెనకంతా సర్కారు తుమ్మ. అంతకుముందు రాత్రే బాత్రూంలోకి కట్లపాము వచ్చిందంట. ఎవరినీ కరవలేదు, అదృష్టం.

"కంప్లయింట్ ఇవ్వు పిన్నీ" అన్నాను. "ఆ ప్లాటాయన మనకి దూరపు చుట్టంరా, రేపు పెళ్ళిళ్ళలో మొహాలు చూసుకోవద్దా?" అంది. ఇదీ మన దగ్గర అసలు సమస్య. రూల్ లేక కాదు, అడగడానికి మొహమాటం.

చాలామంది "మున్సిపాలిటీ వాళ్ళే వచ్చి పీకాలి" అనుకుంటారు. రోడ్డు, కాలువ అయితే వాళ్ళ పనే. ప్రైవేటు స్థలం అయితే ముందు బాధ్యత ఓనర్‌ది. 1965 నాటి మునిసిపాలిటీల చట్టం తిరువూరులాంటి టౌన్లకీ వర్తిస్తుంది. స్థలం మురికిగా, పిచ్చిమొక్కలతో ఆరోగ్యానికి ఇబ్బందిగా ఉంటే బాగుచేయమని కమిషనర్ ఓనర్‌కి నోటీసు ఇవ్వొచ్చు. వినకపోతే వాళ్ళే శుభ్రం చేయించి, ఆ ఖర్చు ఓనర్ దగ్గరే వసూలు చేస్తారు. అంటే హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా బిల్లు ఆయనదే.

మరి ఫైలు ఎందుకు కదలదు? మనం "మా ఇంటి పక్క స్థలం" అని రాస్తాం. ఏ స్థలం అని వాళ్ళు వెతకాలి? మీ డోర్ నంబరు, తెలిస్తే ఆ స్థలం సర్వే నంబరు, రెండు ఫోటోలు, మ్యాప్ లొకేషన్ ఇవ్వండి. ఖాళీ స్థలానికీ పన్ను ఉంటుంది కాబట్టి, అది కడుతుంటే ఓనర్ పేరు ఆఫీసు రికార్డులోనే దొరుకుతుంది. వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒకరు ఉంటారు, కాగితం ఆయనకివ్వండి. రసీదు తీసుకోకుండా మాత్రం రావొద్దు. పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శిని కలవండి.

అక్కడా పని అవకపోతే బీఎన్ఎస్ఎస్ 152వ సెక్షన్ ఉంది. పాత సీఆర్‌పీసీలో ఇది 133. పదిమందికీ ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆర్డీఓ ఆర్డర్ వేయొచ్చు. 2022 నుంచి తిరువూరు రెవెన్యూ డివిజనే కాబట్టి దూరం వెళ్ళక్కర్లేదు. కానీ ఒక్క ఇంటి గొడవలా కాకుండా వీధిలో అందరి సంతకాలూ పెట్టించండి. 1980లో రత్లాం కేసు ఈ 133 మీదే నడిచింది. డబ్బుల్లేవని మున్సిపాలిటీ పారిశుధ్యం బాధ్యత తప్పించుకోలేదని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఇంకోటి, కోపంలో మీరే వాళ్ళ స్థలంలోకి దూరి మందు కొట్టడం, నిప్పు పెట్టడం వద్దు. తప్పు మీ మీదకి వస్తుంది. ఓనర్ ఒప్పుకుంటే వయ్యారిభామని పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేర్లతో సహా లాగాలి. పూత వచ్చాక ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. చేతికి గ్లౌజులు తప్పనిసరి. పేరు వయ్యారిభామే గానీ తగిలితే దురద, దద్దుర్లు, కొందరికి ఆయాసం కూడా.

పిన్ని ఫోన్‌లోంచి ఆ ప్లాటాయనకి నేనే వాట్సాప్‌లో ఫోటోలు పంపాను. పాము సంగతి కూడా రాశాను. "అయ్యో, నాకు తెలీదమ్మా, ఆదివారం మనిషిని పంపిస్తా" అని రిప్లై వచ్చింది. ఆదివారం రేపే. అర్జీ మాత్రం రాసి ఫ్రిజ్ మీద పెట్టించాను.