మొదటి శ్రోత

రాయడం మొదలుపెట్టిన వారికి పెద్దలు చెప్పే మాట ఒకటుంది: నీ గొంతు నువ్వు వెతుక్కోవాలి. మంచి మాటే. కానీ గొంతు అంటే ఏమిటో, అది ఎక్కడ పోయిందో చెప్పకపోతే ఆ మాట విన్నవారు ఎక్కడ వెతకాలో తెలియక నిలబడిపోతారు. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

రచనలో గొంతు అంటే, పైన పేరు లేకపోయినా ఇది ఫలానా మనిషి రాసినదే అని గుర్తుపట్టించే లక్షణం. ఏ మాటలు వాడతారు, వాక్యాన్ని ఎక్కడ ఆపుతారు, దేన్ని ముందుగా చూస్తారు, దేన్ని చెప్పకుండా వదిలేస్తారు అన్నవన్నీ కలిసి ఆ లక్షణం ఏర్పడుతుంది. మాట్లాడేటప్పుడు ఇది ప్రతి మనిషికీ ఉంటుంది. కాగితం ముందు కూర్చోగానే చాలామందిలో కనిపించకుండా పోతుంది.

ఎందుకు పోతుందో గమనిస్తే సమస్య సగం విడిపోతుంది. మాట్లాడేటప్పుడు ఎదురుగా మనిషి ఉంటాడు. ఆ మనిషిని బట్టి మాట దానంతటదే వస్తుంది. రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు. అందువల్ల రాసేవారు మనసులో ఒక శ్రోతను నిలబెట్టుకుంటారు, తెలిసో తెలియకో. బడిలో పదేళ్ళపాటు మనం రాసిన ప్రతి వాక్యానికీ శ్రోత ఒక్కరే: ఎర్ర సిరాతో దిద్దే పరీక్షకుడు. బడి అయిపోయిన ముప్పై ఏళ్ళకు కూడా మనలో చాలామంది ఆయనకే రాస్తుంటారు. తప్పు లేకుండా, మార్కులు పోకుండా, అందరూ అన్నదే మళ్ళీ అంటూ.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఈ సమస్యకు మరో పొర ఉంది. ఇక్కడి ఇళ్ళలో "యాడికి పోతా ఉండావు" అన్నదే సహజమైన ప్రశ్న. పాఠ్యపుస్తకంలో ఆ వాక్యం ఎన్నడూ కనిపించదు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉంది. ఒకే ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ మాటలు ఒకదానిలోకి ఒకటి నడిచి వస్తాయి. ఇంత సంపద ఉన్న పిల్ల బడికి వెళ్ళి నేర్చుకునే మొదటి పాఠం, ఇంట్లో మాట రాతకు పనికిరాదని. ఆ పాఠాన్ని ఎవరూ పలకమీద రాసి చెప్పరు. అందుకే దాన్ని మరిచిపోవడం అంత కష్టం.

ఈ మాట రాతకు పనికొస్తుందని నిరూపించినవారు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. చిత్తూరు జిల్లా మొగరాలలో 1930లో పుట్టిన మధురాంతకం రాజారాం ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ ఇక్కడి పల్లెల మనుషులను కథల్లోకి తెచ్చారు. ఆయన కథలకు సాహిత్య అకాడమీ గౌరవం దక్కింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు "పచ్చనాకు సాక్షిగా", "మిట్టూరోడి కతలు" పుస్తకాల్లో ఈ యాసను సంభాషణలకే పరిమితం చేయకుండా కథ మొత్తాన్ని అందులోనే నడిపారు. కాబట్టి లోటు భాషలో లేదు. ఆ భాషలో చెబితే వినేవారు ఉన్నారన్న నమ్మకంలో ఉంది. ఆ నమ్మకాన్ని పుస్తకం చదివి కొంత తెచ్చుకోవచ్చు. మిగతాది మనుషుల ముఖాల్లో చూసి తెచ్చుకోవలసిందే.

కలిసి రాసుకునే కార్యశాల చేసే పని ఇదే. అది పరీక్షకుడిని పక్కకు జరిపి, ఆ స్థానంలో వినడానికి వచ్చిన ఏడెనిమిది మందిని కూర్చోబెడుతుంది.

పద్ధతి తెలియడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే కుటుంబాలున్నాయి. అలాంటి ఇంటినుంచి వచ్చిన ఒక యువతి మొదటి రోజు ఇలా రాస్తుంది: "చేనేత కార్మికుల బతుకులు కన్నీటి గాథలు. వారి కష్టాలు వర్ణనాతీతం." వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ ఈ రెండు వాక్యాలను మగ్గం చూడనివారు కూడా రాయగలరు. వినేవారు దాన్ని తప్పుపట్టరు. "మీ ఇంట్లో మగ్గం ఎక్కడుంటుంది? నాన్న నేస్తుంటే అమ్మ ఏం చేస్తూ ఉంటుంది?" అని మాత్రం అడుగుతారు. అడిగినవారికి నిజంగా తెలుసుకోవాలని ఉంది. అది ఆమెకు కనిపిస్తుంది. ఆమె మళ్ళీ రాస్తుంది:

"మగ్గం గుంత మా పొయ్యికి నాలుగడుగుల దూరంలోనే. మా నాయన దాంట్లో కాళ్ళు పెట్టుకోని కూసుంటే మళ్ళా అన్నానికే లేసేది. కండెలు చుట్టేది మా యమ్మ. పొయ్యి మీద కూర మాడతా ఉన్నా చేతిలో కండె అయిపోయినాకే లేస్తాది. మాడిన కూరకు మా యింట్లో ఎవురూ ఏమీ అనరు."

చివరి వాక్యం చూడండి. కష్టం అన్న మాట అందులో లేదు. ఆ ఇంట్లో పెరిగిన మనిషి తప్ప మరొకరు రాయలేని వాక్యం అది. రెండు రచనల మధ్య ఆమె వ్యాకరణం నేర్చుకోలేదు, పుస్తకాలు చదవలేదు. శ్రోత మారారు, అంతే.

తెలుగు సాహిత్యానికి ఇలా కలిసి కూర్చోవడం కొత్త కాదు. తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి నడిపిన సాహితీ సమితిలో ఆనాటి యువకవులు తమ కొత్త కవితలను తోటివారికి వినిపించుకున్నారు. విశాఖపట్నంలోని కవితా సమితి 1928లో శ్రీశ్రీ తొలి పుస్తకం "ప్రభవ"ను ప్రచురించింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆ పుస్తకంలోని ధోరణిని శ్రీశ్రీ తర్వాత పూర్తిగా వదిలేశారు. ఇది గమనించదగిన విషయం. మొదటి బృందం మనకు చివరి గొంతు ఇవ్వకపోవచ్చు. రాసినదాన్ని నలుగురి ముందు పెట్టే ధైర్యం ఇస్తే చాలు.

మదనపల్లెకు ఇంకా దగ్గరి జ్ఞాపకం ఉంది. అనీబిసెంట్ 1915లో స్థాపించిన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ స్వయంగా ఐరిష్ కవి. అక్కడ విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి పాడుకునే ఒక సాయంత్రపు కూడికలో ఠాగూర్ "జనగణమన" పాడారు. విన్నవారు పల్లవి అందుకున్నారు. ఆ బసలోనే ఆయన దాన్ని ఆంగ్లంలోకి అనువదించారు, కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసిపెట్టారు. ఆ పాట కలకత్తాలో తొలిసారి వినిపించింది 1911లో. ఏడేళ్ళకు పైగా గడిచాక, ఒక చిన్న ఊరి కళాశాలలో, శ్రద్ధగా విన్న కొందరి మధ్య దానికి మరో రూపం వచ్చింది. అంతటి కవికీ శ్రోతలు అవసరమైనప్పుడు మొదటిసారి కలం పట్టిన మనిషికి వారి అవసరం ఎంతో ఊహించవచ్చు.

అయితే పదిమంది కూర్చున్నంత మాత్రాన మేలు జరగదు. వినడానికి ఒక వరస ఉండాలి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రచనా కార్యశాల ప్రపంచమంతటికీ నమూనా అయింది. అక్కడ రూఢి అయిన పద్ధతిలో, తన రచనమీద చర్చ జరుగుతున్నంతసేపూ రచయిత మౌనంగా కూర్చోవాలి. తనమీద తనకు గట్టి నమ్మకమున్నవారికి అది ఉపకరించవచ్చు. ఇంట్లోనూ బడిలోనూ నోరు మూసుకోమనే విన్న మనిషికి మాత్రం అది మరొక్కసారి నోరు మూయించడమే. నా దృష్టిలో మన ఊళ్ళకు అది సరిపడని పద్ధతి.

సరిపడే పద్ధతులను వేరేవారు రూపొందించారు. ప్యాట్ ష్నైడర్ అనే కవయిత్రి మాసాచుసెట్స్ రాష్ట్రంలో పేదల గృహసముదాయాల్లో ఉండే మహిళలతో రాయించారు. ఆమె పెట్టిన నియమాల్లో ప్రధానమైనది ఇది: అప్పుడే రాసిన చిత్తుప్రతి విన్నాక, అందులో బలంగా ఉన్నదాన్ని, మనసులో నిలిచినదాన్ని మాత్రమే చెప్పాలి. దిద్దుబాట్లకు తర్వాత సమయముంటుంది. ఇది ఓదార్పు కోసం పెట్టిన నియమమని చాలామంది పొరబడతారు. దీని ప్రయోజనం వేరు. కొత్తగా రాసేవారికి తమ రచనలో ఏ వాక్యం తమదో, ఏది అరువు తెచ్చుకున్నదో తెలియదు. ఏడుగురు విడివిడిగా "ఆ మాడిన కూర నాకు గుర్తుండిపోయింది" అంటే, తన వాక్యం ఏదో ఆమెకు తెలుస్తుంది. తప్పులు ఎత్తిచూపితే ఆ సమాచారం అందదు. కాబట్టి "చాలా బాగుంది" అని ఊరుకోవడం ఈ నియమాన్ని పాటించడం కిందికి రాదు. ఏ వాక్యమో చెప్పాలి.

ష్నైడర్ పెట్టిన మరో నియమం చిన్న ఊళ్ళలో ప్రాణప్రదమైనది. చదివినదాన్ని కల్పనగానే తీసుకోవాలి. "నువ్వు" అనకూడదు, "ఈ కథలో చెప్పే మనిషి" అనాలి. పుంగనూరులో నలుగురు కూర్చుంటే అందులో ఇద్దరు బంధువులై ఉంటారు. భర్త తాగుడు గురించి ఒకామె రాస్తే, విన్నవారు "అయ్యో, మీ ఆయన ఇంతవాడా" అన్నారంటే ఆమె మళ్ళీ రాదు. వచ్చినా నిజం రాయదు. గదిలో విన్నది గది దాటకూడదన్న మాటను మొదటి రోజే అందరిచేతా ఒప్పించుకోవాలి, తర్వాత ప్రతిసారీ గుర్తుచేయాలి.

మిగతావి సులువు. పీటర్ ఎల్బో 1973లో వచ్చిన తన పుస్తకంలో చెప్పినట్టు పది నిమిషాలు కలం ఆపకుండా, దిద్దకుండా రాయాలి. పరీక్షకుడు లోపలికి వచ్చే సందు దొరకకుండా. రాసినది ఎవరిది వారే బయటికి చదవాలి. అరువు వాక్యం దగ్గర నాలుక తడబడుతుంది, చదివేవారికే తెలిసిపోతుంది. లిజ్ లెర్మన్ అనే నృత్యకారిణి 1990లో రూపొందించిన విమర్శ పద్ధతిలో, అభిప్రాయం చెప్పేముందు "ఫలానా విషయంమీద నాకో అభిప్రాయముంది, వింటారా" అని అడగాలి. వద్దనే హక్కు రాసినవారికి ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న వల్ల సలహా ఇచ్చేవారు ఎంత జాగ్రత్తగా మాట్లాడతారో, ఆచరించి చూసినవారికే తెలుస్తుంది.

వినేవారు ఉంటే రాత వస్తుందనడానికి ఈ ప్రాంతంలోనే గొప్ప దాఖలా ఉంది. 2001లో "వెలుగు" పేదరిక నిర్మూలన పథకం నీడన, చిత్తూరు జిల్లా స్వయం సహాయక సంఘాల మహిళలు "నవోదయం" అనే పత్రిక మొదలుపెట్టారు. పెద్ద చదువులు లేని పల్లె మహిళలే విలేకరులయ్యారు. తమ ఊళ్ళ సంగతులు తామే రాశారు. ఇది ఎలా సాధ్యమైందని ఆశ్చర్యపోయినవారు ఆ సంఘాల అలవాటును గమనించాలి. పొదుపు సంఘం అంటే క్రమం తప్పకుండా చుట్టూ కూర్చోవడం, ఒకరు అప్పు ఎందుకు కావాలో చెబితే మిగతావారు వినడం. ఇంటి అవసరాన్ని పదిమంది ఆడవారిలో చెప్పి ఒప్పించిన మనిషికి శ్రోతలు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. కలం ఆ తర్వాత వచ్చింది.

సరిహద్దు దాటితే మరో దాఖలా. హోసూరు, కోలారు, కుప్పం పరిసరాలకు మొరసునాడు అని పాత పేరు. "ప్రళయకావేరి కథలు" రాసిన స.వెం.రమేశ్ ప్రోత్సాహంతో హోసూరు ప్రాంతపు తెలుగువారు ఒకచోట చేరి, తమ ఇళ్ళలో మాట్లాడే తెలుగులోనే కథలు రాశారు, పుస్తకాలుగా వేశారు. తమిళనాడులో తెలుగు బడులు తగ్గుతున్న కాలంలో జరిగిన పని ఇది. ఒక్కొక్కరు విడిగా ఉంటే ఆ యాసలో రాయడానికి సంకోచించేవారని నేను నమ్ముతాను. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఈ మాటలమీద పరిశోధన చేయడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. ఆ మాటలు మాట్లాడేవారిచేత రాయించడానికి కూడా అదే తగిన చోటు.

ఒక ప్రమాదాన్ని దాచకూడదు. కొంతకాలం కలిసి రాసిన బృందంలో అందరూ ఒకేలా రాయడం మొదలవుతుంది. ముఖ్యంగా నడిపేవారికి పేరుంటే. వారి మెప్పు పొందిన వాక్యాన్ని అందరూ అనుకరిస్తారు. అంటే పరీక్షకుడు మర్యాదగా తిరిగి వచ్చాడన్నమాట. నడిపేవారు కూడా ప్రతిసారీ అందరితో పాటు రాసి, చిత్తుప్రతినే చదివితే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. వారం వారం నడిపే వంతు మారితే ఇంకా మంచిది.

మొదలుపెట్టాలనుకునేవారికి కావలసినవి తక్కువ. ఆరుగురికి తగ్గకుండా, పదిమందికి మించకుండా మనుషులు, రెండు గంటలు, శాఖా గ్రంథాలయంలోనో బడి వదిలాక తరగతి గదిలోనో ఒక చోటు. వేదిక, మైకు, ముఖ్య అతిథి, శాలువా వద్దు. ఇవి రాగానే మనుషులు ఉపన్యాస భాషలోకి వెళ్ళిపోతారు. వేళ నిర్ణయించేటప్పుడు టమోటా మండీకి తెల్లవారుజామున వెళ్ళేవారిని, కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో పనికి పోయేవారిని, పిల్లలను చూసుకోవలసిన తల్లులను అడిగి నిర్ణయించాలి. లేకపోతే తీరిక ఉన్నవారి గొంతులే మిగులుతాయి. వారికి రాయడానికి ఇప్పటికే చోట్లున్నాయి.

ఆరు నెలల తర్వాత ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. పేర్లు లేకుండా కాగితాలు కలిపేసి, ఒకరిది ఒకరు చదవాలి. ఎవరు రాసినది ఏదో విన్నవారు చెప్పగలిగితే బృందం కొత్తవారిని చేర్చుకోవడానికి సిద్ధమైనట్టు. చెప్పలేకపోతే, అందరూ ఎవరిలా రాస్తున్నారో ఆ మనిషి కొన్ని వారాలు వినడానికే పరిమితం కావాలి. కొత్తవారు వచ్చిన రోజున నియమాలు వివరించే పని, బృందంలో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషికి అప్పగించండి.