మొద్దు కాదు... మెట్టు తప్పింది!

'ఎన్నిసార్లు చెప్పినా వీడి బుర్రకెక్కదు!' ఈ మాట పడని పిల్లలు తక్కువ. రెండో తరగతిలో తీసివేత రానివాడు ఐదుకొచ్చేసరికి భాగహారం దగ్గర చేతులెత్తేస్తాడు. ఆపైన బడంటేనే భయం. వికారాబాద్ జిల్లా ధారూర్ లాంటి పల్లె ప్రాంతాల్లో ఒకప్పుడు బడి తప్పిన పిల్లలకు తెలిసిన దారి ఒక్కటే... చేను, లేదంటే పశువుల మంద. ఇంతకీ లోపం పిల్లల బుర్రలో ఉందా, చెప్పే తీరులో ఉందా?

రెండు గ్లాసుల నీళ్లు

ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. ఒకదాంట్లోవి సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపి, ఎందులో ఎక్కువున్నాయో ఐదేళ్ల పాపను అడగండి. ఆ వయసు పిల్లలు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. ఏడెనిమిదేళ్లొచ్చాక అదే పాప 'రెండూ సమానమే' అంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే ఇలాంటి పరీక్షలతోనే పిల్లల ఆలోచన మెట్లుమెట్లుగా ఎదుగుతుందన్నారు. ఆయన లెక్కలో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు తర్కించగలరు. కానీ కంటికి కనిపించే, చేతికందే వస్తువుల సాయం కావాలి. ఈ మెట్లు అందరూ ఒకే వయసులో ఎక్కరని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

కందిగింజలే లెక్కల పుస్తకం

ఆ వస్తువుల కోసం ధారూర్‌లో వెతుక్కోనక్కర్లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ నేలదే. గింజల్ని పదేసి కుప్పలు పెడితే ఒకట్లు, పదులు చేతికే తెలుస్తాయి. తీసివేతలో 'పక్కనుంచి అప్పు తేవడం' ఏమిటో ఒక కుప్ప విప్పగానే అర్థమవుతుంది. గదిలో పరిచిన తాండూరు బండలు పొడవున ఆరు, వెడల్పున నాలుగు ఉంటే మొత్తం ఇరవై నాలుగు. వైశాల్యం అంటే అదే! సూత్రం ఆ తర్వాత చెప్పినా గుర్తుంటుంది.

చేయందించే దూరం

పిల్లలు సొంతంగా చేయగలిగింది ఒకటి, పెద్దలు సాయం చేస్తే చేయగలిగేది ఇంకొకటి. ఈ రెంటి మధ్యే అసలు నేర్చుకోవడం జరుగుతుందన్నారు రష్యా శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ. పాఠం మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే బెదురు. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లలకు పుస్తకంలోని తెలుగే ఒక మెట్టు. దాన్ని దాటించకుండా పాఠం చెబితే తెలివైన పిల్ల కూడా మూగదైపోతుంది.

దారి చూపిన జిల్లా

ఈ సంగతిని ఆచరణలో చూపించింది ఈ ప్రాంతమే. ధారూర్ 2016 దాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 1991లో శాంతా సిన్హా నేతృత్వంలోని ఎం.వి.ఫౌండేషన్ పనిపిల్లల్ని బడికి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టింది ఆ జిల్లాలోనే. పన్నెండేళ్లవాళ్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేయలేదు. శిబిరాల్లో బ్రిడ్జి కోర్సు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. వయసుకు తగ్గ తరగతి, దాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టమూ చెప్పింది. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి తెలంగాణ ప్రభుత్వం 2022లో 'తొలిమెట్టు' తెచ్చింది.

పరీక్షలో సున్నా వస్తే ఈసారి తిట్టకండి. ఎక్కడిదాకా వచ్చో అడగండి. అక్కణ్నుంచి చేయి పట్టుకుంటే చాలు, మిగతా మెట్లు వాళ్లే ఎక్కేస్తారు!