వేడిమి నడచు త్రోవలు



వైశాఖమాసమున ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మెదకు కోటగుట్ట ప్రక్కగా నడచినవారికి ఒక సంగతి అనుభవములోనే యుండును. సూర్యుడు కనబడడు, గాలి కొంత చల్లబడినది, అయినను రాతిబండల వైపునకున్న చెంపకు సెగ తగులుచునే యుండును. మనము బండను ముట్టలేదు గదా, దాని వేడి మనకెట్లు చేరినది? ఇది తెలిసినచో, ఆ మాసమున రాత్రులందు మన యింటిలో నిదుర పట్టకుండుటకు గల కారణమును తెలియును.

నీరు పల్లమునకు పారునట్లు, వేడిమి తనంతట తాను వెచ్చని చోటినుండి చల్లని చోటికే పోవును. అట్లు పోవుటకు దానికి మూడు త్రోవలు గలవు.

మొదటిది వహనము. ఉడుకుచున్న పప్పులో విడిచిన ఇనుప గరిటె కొనదాక కాలును. వేడి తగిలిన చోటి అణువులు అధికముగ చలించి, ఆ చలనమును ప్రక్కవానికి అందించుచుండును. బారులు తీరిన కూలీలు ఇటుకను చేతినుండి చేతికి అందించినట్లే; మనిషి కదలడు, ఇటుక చేరును. ఈ పనిలో ఇనుముకంటె రాగి సుమారు 5 రెట్లు చురుకైనది. కొయ్య మందము. కదలక నిలిచిన గాలి మరియు మందము. గొంగడి వేడిని పుట్టింపదు; తన యున్నిలో చిక్కిన గాలిచేత మన యొంటి వేడిని పోనీయదు. అందుచేతనే మంచుగడ్డను గొంగడిలో చుట్టినను అది త్వరగా కరగదు.

రెండవది సంవహనము. ఇచ్చట వేడిని మోయు వస్తువే కదలును. ఎసరు కాగునపుడు అడుగునీరు తేలికయై పైకి వచ్చును. పైనీరు క్రిందికి దిగును. గాలియు నంతే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చిలో లోకప్పు మిక్కిలి ఎత్తుగ నున్నది. వేడెక్కిన గాలి కూర్చున్నవారి తలలకు దూరముగ పైకి పోవును. గోడ పైభాగమున విడిచిన గవాక్షము ఆ గాలిని వెలుపలికే పంపును.

మూడవది వికిరణము. సూర్యునికిని భూమికిని నడుమ సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరము. అందు దాదాపు అంతయు శూన్యమే. అందించువారు లేకున్నను, మోయువారు లేకున్నను, వేడిమి వెలుతురువలె కిరణరూపమున 8 నిమిషములకు కొంచెము పైగా నిచ్చటికి చేరును. వెచ్చనైన ప్రతి వస్తువును కంటికగపడని యిట్టి కిరణములను విడుచును. కోటగుట్ట బండ మన చెంపకు పంపినది ఇదియే. నల్లని వస్తువు ఎండను పీల్చును. తెల్లనిది చాలవరకు త్రిప్పి పంపును.

ఇక మన యింటికి వత్తము. పగలెల్ల సిమెంటు స్లాబు ఎండను పీల్చును. ఆ వేడి స్లాబు మందమును దాటి లోపలి ముఖమునకు చేరుటకు కొన్ని గంటలు పట్టును. కనుకనే మధ్యాహ్నపు ఎండ మనకు రాత్రి భోజనమువేళ కప్పునుండి దిగును. పంకా తిరుగుచున్నను స్లాబు తన కిరణములను మంచముపై విడుచుచునే యుండును. రేకులది వేరు తీరు. అవి పలుచన, మిట్టమధ్యాహ్నము నిప్పుకలవలె నుండి, ప్రొద్దు గ్రుంకగనే చల్లారును.

మన శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు. చుట్టునున్న గాలియు గోడలును అంతకుమించి కాగినపుడు, ఈ మూడు త్రోవలలోను వేడి ఎదురు తిరిగి మన లోపలికే వచ్చును. అప్పుడు చెమట ఆరుట యొక్కటే దిక్కు. వృద్ధులకు చెమట తగ్గును, దప్పియు చక్కగ తెలియదు. కనుక వడదెబ్బ ఎండలో తిరిగినవారికే తగులునని తలంచుట పొరబాటు. ఇంటిలో మంచముపై నున్నవారికిని తగులును.

త్రోవ తెలిసినవాడు తలుపు వేయగలడు. ఎండలు ముదరకముందే స్లాబుపై తెల్లగ సున్నము కొట్టింపుడు. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు మూలసూత్రము నిదియే. కప్పుమీద ఎడముగ తాటాకుల పందిరి వేసినచో ఎండ స్లాబును తాకదు. రాత్రి పైకిటికీలు తెరువుడు. వీలున్నచో వృద్ధుల మంచమును వాకిట ఆకాశము క్రింద వేయుడు. దప్పి లేకున్నను నీరు త్రాగింపుడు. ఒడలు కాలుచు మాట తడబడినచో, తడిగుడ్డతో ఒడలు తుడిచి, విసరుచు, ఆలస్యము చేయక 108 వాహనమును పిలువుడు.

సున్నము ఖర్చు స్వల్పము. ఇంటి పెద్దల ప్రాణము స్వల్పము కాదు. సెలవు.