శిష్యరికము – చేతిపని విద్య

చదువుకొన్నవారికి పని లేదనియు, పనికి తగినవారు దొరకరనియు రెండు మొఱలు నేడు మన దేశమున నొక్కసారిగా వినవచ్చుచున్నవి. ఒక గుమాస్తా యుద్యోగమునకు వందలకొలది పట్టభద్రులు దరఖాస్తులు పెట్టుచుండగా, కర్మాగారములవారు మంచి ఫిట్టర్లు, వెల్డర్లు, విద్యుత్పనివారు చాలినంతమంది లేరని చెప్పుచున్నారు. ఈ రెంటి నడుమ లోపించినది శిష్యరికము. దీనినే అప్రెంటిసుషిప్ అందురు. అది యెట్లు నడుచునో, దానియందు తలిదండ్రులు చూచుకొనవలసినదేమో యిందు వివరింపబడుచున్నది.

చేతిపని పుస్తకమువలన మాత్రమే యేల రాదు? వెల్డరు పనిని చూడుడు. ఇనుము ఎంత వేడిమికి కరగునో పాఠశాలలో తెలిసికొనవచ్చును. కాని కడ్డీని రేకునకెంత దూరమున పట్టవలెనో, ఎంత వేగముగా నడపవలెనో, మంట చేయు చిటపట ధ్వనిని బట్టియు, కరగిన లోహము కనుపించు తీరును బట్టియు గ్రహింపవలెను. నేర్పరి ప్రక్కను నిలిచి, పలుమాఱులు చేసి, చెడగొట్టి, దిద్దుకొనిననే గాని యది రాదు. అట్లని పుస్తకమక్కఱలేదనరాదు. పటము చదువలేనివాడును, కొలతలు లెక్కింపలేనివాడును, ఒక యంత్రముపై నేర్చిన పనిని మఱియొక యంత్రముపై చేయజాలడు.

పూర్వము మన పల్లెలలో కమ్మరము, వడ్రంగము, నేతపని తండ్రి కొమారునకు నేర్పెడివాడు. నైపుణ్యము నిలిచెను గాని, ఆ యింట పుట్టనివానికి ద్వారము మూయబడెను. ఇంగ్లండులో 1563వ సంవత్సరపు శాసనము, ఏడేండ్లు శిష్యరికము చేయనివాడు వృత్తి చేపట్టరాదని విధించెను. ఆ నిబంధన 1814లో తొలగింపబడెను. మన దక్షిణదేశమున బాసెల్ మిషనువారు 1865లో మంగళూరునందు పెంకుల కార్ఖానా స్థాపించి, కులవృత్తి కోల్పోయిన క్రైస్తవ కుటుంబములకు క్రొత్త పని నేర్పిరి. పుట్టుకతో పనిలేకుండ నేర్చుకొనదలచినవానికి వృత్తి నిచ్చుటయే దానిలోని మేలు.

నేటికాలమున ఈ విషయమున జర్మనీ దేశము ప్రసిద్ధము. అచ్చట 1969వ సంవత్సరపు చట్టము ననుసరించి, యువకుడు సాధారణముగా వారమునకు మూడు నాలుగు దినములు కార్ఖానాలో పని నేర్చుచు, ఒకటి రెండు దినములు వృత్తిపాఠశాలకు పోవును. వృత్తినిబట్టి రెండు మొదలు మూడున్నర సంవత్సరములు పట్టును. యజమాని నెలసరి భృతి యిచ్చును. తుదిపరీక్షను జరుపునది వర్తక, పారిశ్రామిక మండలులు. నేర్పిన యజమాని మాట యొక్కటే చాలదు గనుక, ఆ యోగ్యతాపత్రము దేశమంతటను చెల్లును.

మన దేశమున 1950లో చేతిపనివారి శిక్షణపథకము ప్రారంభమై ఐ.టి.ఐ.లు వెలసెను. 1961లో అప్రెంటిసుల చట్టము చేయబడెను. దీని ప్రకారము 14 ఏండ్లు నిండినవారును, అపాయకరమైన పనులలోనైన 18 ఏండ్లు నిండినవారును చేరవచ్చును. వ్రాతపూర్వకమైన యొడంబడిక యుండవలెను. బాలుడు మైనరైనచో సంరక్షకుడు సంతకము చేయవలెను. నెలనెల భృతి నీయవలెను. అధికారి యనుమతి లేక యదనపు గంటలు పని చేయింపరాదు. పనిలో గాయపడినచో పరిహారమునకు హక్కు కలదు. యజమానులకు ప్రోత్సాహముగా, భృతిలో కొంతభాగమును ప్రభుత్వము భరించు పథకము 2016లో వచ్చెను. అయితే శిక్షణ ముగియగానే ఉద్యోగ మిచ్చితీరవలెనని చట్టము యజమానిని నిర్బంధింపదు. ఇది ముందుగానే తెలిసికొనుట మంచిది.

ఇన్ని యుండియు కొఱత యేల తీరదు? నేను నేర్పిన కుఱ్ఱవానిని ప్రక్క కార్ఖానావాడు నాలుగు రూపాయలు హెచ్చిచ్చి తీసికొనిపోవునని ప్రతి యజమానియు వెఱచును. అందఱు నట్లే తలచినచో, విత్తువారు లేక అందఱును కోతకు కొడవళ్లు పట్టి నిలిచినట్లగును. మఱికొందఱు శిష్యుని చవుక కూలిగా నెంచి, ఊడ్చుటకును మోయుటకును మాత్రమే వాడుకొందురు. అట్టిచోట పేరు పట్టికలో నెక్కును గాని పని చేతికి రాదు. కావున శిష్యుల సంఖ్యను పెంచినంతమాత్రమున చాలదు, నేర్పుట పెరుగవలెను.

తలిదండ్రులు ఈ ప్రశ్నలడుగవలెను: ఒడంబడిక సర్కారువద్ద నమోదైనదా? పిల్లవానికి నేర్పువారెవరు? పనితోపాటు పాఠమును గలదా? తుదకు పరీక్షయు, యోగ్యతాపత్రమును గలవా? వీనికి తిన్నని యుత్తరము రానిచోట పిల్లవానిని చేర్పకుడు.

ఇక మన యిండ్లలోని లోప మొకటి కలదు. మసి యంటిన చేతిని చిన్నచూపు చూచుచున్నాము. మన ప్రభువు నజరేతులో వడ్రంగి యనిపించుకొనెను. పౌలు అపొస్తలుడు గుడారములు కుట్టి తన చేతులతో జీవనము గడపెను. వీరిని పూజ్యులని యెంచు మనము పనివానిని తక్కువగా నెంచుట తగదు.

విద్యార్థులారా! గణితమును, పటలేఖనమును శ్రద్ధతో నేర్చుకొనుడు. పదవతరగతి ముగిసినపిమ్మట మీలో కొందఱు కళాశాలకును, కొందఱు కార్ఖానాకును పోవుదురు. కార్ఖానాకు పోవువారు చదువు విడిచినవారు కారు. మఱియొక తరగతిలో చేరినవారే.