దిగుమతి సుంకము - చెనక్కాయ చేను

పావగడ, చళ్లకెరె, మడకశిర, కళ్యాణదుర్గము: వీనిలో మొదటి రెండు కర్ణాటకమునకును, తక్కినవి ఆంధ్రప్రదేశమునకును చేరినవి గాని, నేల యొకటే, వాన యొకటే, పెక్కు ఇండ్లలో మాటయు తెలుగే. ఆ నేలలో వర్షాధారముగా పండునది వేరుశనగ. మనవారు చెనక్కాయ యందురు. చళ్లకెరెకు నూనె నగరమని పేరు తెచ్చినది ఈ కాయయే. ప్రభుత్వపు వర్తక నిర్ణయము పల్లెలోని పేదవానిని ఏ త్రోవను చేరునో ఇచ్చట చక్కగా కానవచ్చును.

1986లో కేంద్ర ప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషనును నెలకొల్పెను. దిగుమతులను అదుపులో నుంచి, రైతునకు ధర దక్కించుట ఆనాటి విధానము. 1985-86లో దేశమున సుమారు 108 లక్షల టన్నులుగా నున్న నూనెగింజల ఉత్పత్తి 1993-94 నాటికి 215 లక్షల టన్నులయ్యెను. కొఱ్ఱ, సామ చేలు చెనక్కాయకు మాఱుట అంతకు మునుపే మొదలై, ఈ ధరతో బలపడెను. ఇంటి తిండిగింజను విడిచి రైతు అంగడి పంటను నమ్మినాడన్న మాట.

1994లో పామోలీను దిగుమతికి తలుపు తెఱచి 65 శాతము సుంకము విధించిరి. అది 1995లో 30, 1996లో 20, 1998లో 15 శాతమునకు దిగెను. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడిక ప్రకారము పామాయిలుపై 300 శాతము వఱకు వేసికొను హక్కు మనకు కలదు. కావున ఈ తగ్గింపు పరుల నిర్బంధము గాదు, మన నిర్ణయమే. శతాబ్దాంతమునకు ఏటి దిగుమతులు 40 లక్షల టన్నులు దాటినవి.

మలేషియా, ఇండోనీషియాల నూనె కాకినాడ వంటి రేవులలో దిగి శుద్ధియగును. (ఆ కర్మాగారములలో మనవారికే కొలువులు దొరకినవి, అదియు లెక్కలో చేర్చవలసినదే.) చౌకనూనె అంగడి కెక్కగా మిల్లుదారు గింజకు ధర తగ్గించును, రైతు మఱుసటి యేడు కలుపునకు, కాయ విడిపించుటకు కూలీలను తక్కువగా పిలుచును. ఆ పనులు హెచ్చుగా స్త్రీలవి.

కూలివాడును నూనె కొనువాడే గదా, చౌక యతనికి మేలు గాదా యని అడుగుట న్యాయమే. నెలకు 2 లీటర్లు వాడు ఇంటికి లీటరుపై 5 రూపాయలు తగ్గినవనుకొందము. ఏటికి 120 రూపాయలు మిగులును. దినకూలి 40 రూపాయలనుకొన్నచో, 3 దినముల పని పోయిన ఆ మిగులు హరించును. పట్టణపు పేదకు ఈ రెండవ పద్దు లేదు, అతనికి లాభమే.

తప్పంతయు సుంకముపై మోపరాదు. వాన తప్పిన యేడు ఏ ధరయు రైతును కాపాడదు. కాని పంట తగ్గినపుడు పెరుగవలసిన ధరను దిగుమతి నూనె పెరుగనీయదు. పూర్వము కఱవు నష్టములో కొంత తీర్చినది ఆ పెరుగుదలయే.

సుంకము నిలుకడ లేక యెగుడుదిగుడగుట మఱియొక చిక్కు. 2001లో ముడి పామాయిలుపై 75 శాతము, 2008లో సున్న. 2024 సెప్టెంబరులో ముడినూనెలపై మూల సుంకమును 20 శాతము చేసిరి. 2025 మే నెలాఖరున 10కి దింపిరి. అది ఏరువాక ముంగిట నున్న వేళ. అప్పటికే పెక్కురు రైతులు విత్తనపు కాయ కొని యుందురు.