వార్తల్లో పదం: ఆంకాలజీ ఫార్మసిస్ట్

క్యాన్సర్ మందుల్లో ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టే ఆంకాలజీ ఫార్మసిస్ట్. డాక్టర్ రాసిన కీమో డోసును సరిచూడటం, మందును సురక్షితంగా కలపడం, వాంతులు, నోటిపూత, ఇన్‌ఫెక్షన్ల వంటి ఇబ్బందులకు ముందే జాగ్రత్తపడటం ఈ ఉద్యోగంలో భాగం.

ఉదాహరణకు కార్బోప్లాటిన్ అనే కీమో మందు. కిడ్నీల వడపోత నిమిషానికి 75 మిల్లీలీటర్లుంటే, దానికి 25 కలిపి, శరీరానికి అందాల్సిన మందుకు డాక్టర్ ఎంచుకున్న లక్ష్య సంఖ్య 5తో హెచ్చిస్తే డోసు 500 మిల్లీగ్రాములు. వడపోత 35కి తగ్గితే 300 చాలు. పాత రిపోర్టు చూసి 500 ఎక్కిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. విన్‌క్రిస్టిన్ అనే మరో కీమో మందు సిరలోకే వెళ్లాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణాంతకం. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

అమెరికా 1996లోనే ఆంకాలజీ ఫార్మసీని ప్రత్యేక విభాగంగా గుర్తించింది. మన దగ్గర 2008 నిబంధనలతో ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు మొదలైంది. ఆంకాలజీ శిక్షణ ఆపై మెట్టు.

తెలుగు రైల్వే కుటుంబాలున్న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లాంటి పట్టణాలకూ ఈ శిక్షణ అవసరమే. ఎందుకంటే కేపిసిటబిన్ అనే క్యాన్సర్ మాత్రలు ఇంట్లోనే వేసుకుంటారు. భోజనమయ్యాక అరగంటలోపు వేసుకోవాలి. సాధారణంగా 14 రోజులు వాడి 7 రోజులు ఆపాలి. గుండెజబ్బుకు రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్ కూడా వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అక్కడి సదర్ బజార్ మందుల షాపు కౌంటర్‌లోనూ అడగాలంటే, ఈ శిక్షణ పెద్దాసుపత్రుల గడప దాటాలి.