నిరీక్షణమును ఒక వ్రతమే



మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు అనంతపురము మెట్టరైతు చూపు ఆకాశము మీదనే యుండును. వేరుశెనగ విత్తనము ఒలిచి, గొఱ్ఱు సరిచేసికొని, ఒక్క పదునువాన కొఱకు అతడు కాచుకొని యుండును. మొగులు పట్టును, గాలికి చెదరిపోవును. కొన్ని యేండ్లు అదను దాటిన పిదపగాని చినుకు పడదు. అట్టి వేళ "దేవుడు మనలను మఱచినాడా?" యను ప్రశ్న పుట్టుట సహజము. దానిని నాస్తికమని త్రోసివేయరాదు. అది నమ్మినవాడు మాత్రమే అడుగగల ప్రశ్న.

మొదట ఒక భ్రాంతిని తొలగించుకొందము. కరవు మన పాపమునకు పడిన శిక్ష కాదు. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలను ఎక్కునపుడే తమ తేమను చాలవఱకు కురిసివేయును. కనుమలకు ఈవలనున్న మన పీఠభూమికి మిగులునది స్వల్పము. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరము నుండి ఇంతదూరము వచ్చుసరికి బలహీనపడును. అందుచేతనే ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. లేని నేరమును తలపై మోయుట భక్తి కాదు.

మఱి భక్తి యనగా నేమి? శబరిని స్మరింతము. శ్రీరాముడు చిత్రకూటము చేరిన కాలమున మతంగాశ్రమ మునులు, ఆయన ఇచ్చటికి వచ్చునని ఆమెకు చెప్పి దివికేగిరి. వాల్మీకి రామాయణమును బట్టి చూడగా, స్వామి పంపాతీరమునకు వచ్చుసరికి పదేండ్లు దాటినవి. అంతకాలము ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రాబోవు అతిథి కొఱకు వనములోని ఆహారములు సేకరించి యుంచినది. వచ్చునను నమ్మకము ఆమె నిత్యకృత్యమైనది. నిరీక్షణము వ్రతమగుట యనగా నిదియే.

మన పూర్వులును అట్లే చేసిరి. వాన లేదని వగచుటతో ఆగక, వచ్చిన వాన పోకుండ చెఱువులు కట్టిరి. విజయనగర ప్రభువు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364 ప్రాంతమున అనంతపురము చెఱువును కట్టించెనని ప్రసిద్ధి. గట్టు వేయునాడు మేఘము లేకపోవచ్చును; వచ్చునను విశ్వాసమే ఆ గట్టునకు పునాది.

మన కాలమునందును ఇట్టి నిదర్శనము కలదు. త్రాగునీటికై ఆడువారు బిందెలతో మైళ్లు నడచిన ఊళ్లు, ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన ఊళ్లు ఈ సీమలో ఎన్నియో. శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1995లో త్రాగునీటి పథకమును చేపట్టి, 700లకు పైగా గ్రామములకు నీరందించినది. 1999లో భారత తపాలాశాఖ ఆ పథకమునకు గుర్తుగా తపాలాబిళ్ల వెలువరించినది. తరముల నిరీక్షణము ఫలించినది. అయినను నీరు ఆకాశము నుండి ఊడిపడలేదు, మనుష్యుల చేతుల మీదుగా వచ్చినది. భగవంతుని కరుణ తఱచుగా అట్లే వచ్చును.

కావున "వాన ఎప్పుడు?" అను ప్రశ్నకు ప్రక్కన "అంతవఱకు నా వంతు ఏమి?" అను ప్రశ్నను నిలుపుకొందము. చేనికి గట్టు వేయుట, చెఱువులో పూడిక తీయుట, చెట్టు నాటుట మన వంతు. అన్నింటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. పంట పోయి, అప్పు మిగిలి, మాట పడిపోయిన ఇల్లు ఏ ఊరిలోనైన నుండును. పిలువకుండనే ఆ ఇంటికి పోయి, యజమాని ప్రక్కన కూర్చుండి, అతని మాట విందము. ఒంటరితనమున ఒక ప్రాణము జాఱిపోకుండ నిలుపుట ఏ ప్రదక్షిణమునకును తీసిపోని సేవ. దేవుడు తనను మఱచినాడా యని అడుగుచున్న వానికి, ఆ పూట మన రాకయే సమాధానము కావచ్చును.

సర్వే జనాః సుఖినో భవంతు.